దుప్పటి కింద వెలుగు

పద్దు 1

ఎర్రనాచు, పచ్చి తూకం: నలభై ఒక్క కిలోలు. పోయిన అమావాస్య కంటే ఆరు ఎక్కువ. గోధుమనాచు: పదిహేడు. గడ్డనాచు: తొమ్మిది.

గోధుమనాచు ఉడికించి, జిగురు తీసి, కట్టుగుడ్డలకు పూయించాను. గడ్డనాచు మరిగించి పళ్లేల్లో పోయించాను, గడ్డ కట్టింది. ఎర్రనాచును మాత్రం నేనే నూరి, సారాలో నానబెట్టి, వడకట్టి మందు జాడీలో కలిపాను. ఆ పని ఇంకొకరికి ఇవ్వను.

ఇవాళ తాళ్ల శుభ్రం. అమావాస్య నాడు, మేడలను ముంచిన సముద్రం బాగా తీసి, రెండో అంతస్తులో నీళ్లు మోకాలి దాకా దిగుతాయి. అప్పుడు ప్రతి ఇంటివాళ్లూ మెట్లు దిగి, తమ వంతు హాల్లో కట్టుకున్న ఎర్రనాచు తాడును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్లతో దువ్వి, నత్తలు ఏరేయాలి. ఏరిన నత్తలు కూరకు. ఎవరి తాడు శుభ్రంగా ఉంటే వారికి ఆ నెలంతా మంచినీళ్ల వరసలో ముందు చోటు. ఎవరి తాడు మీద నత్తలు మిగిలితే వారిది చివరి చోటు. ఈ కట్టడి పెట్టినది నేనే. రెండేళ్లయింది. అప్పటినుంచి తూకం తగ్గిన నెల లేదు.

ముందు చోటు ఎప్పటిలాగే 'ఎ' బ్లాకు పైడమ్మది. చివరి చోటు మా ఇంటిది. మా తాడు నా మనవరాలు కాసులు చూసుకుంటుంది. పన్నెండేళ్ల పిల్ల. తాడు మీద నలభై నత్తల దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"ఏమిటే ఇది?" అన్నాను.

"నత్తలు మామ్మా."

"కనిపిస్తున్నాయి. ఎందుకున్నాయి?"

"ఏరితే మల్లీ ఒత్తన్నాయి. ఆటికి మన తాడంటే ఇష్టం. నన్నేటి సెయ్యమంటావు?"

పక్క హాల్లోంచి పైడమ్మ గొంతు. "నాచుపెద్ద నూకరత్నమ్మ తాడుకే నత్తలు పడితే మాబోటోల్లం ఏటైపోవాల?"

కాసులు తాడు శుభ్రంగా లేకపోవడం ఇది వరసగా మూడోసారి. మూడోసారి అయితే ఆ తాడు కాలనీ చుట్టూ కట్టిన వలగోడ లోపల ఉండకూడదు. బయట, పాడుబడిన బి బ్లాకు మెట్ల దగ్గర కట్టేయాలి. అది కూడా నా కట్టడే. ఎవరి తాడో వారే మోసుకెళ్లాలి. నా ఇల్లని మినహాయింపు ఇస్తే రేపు నా మాట ఎవరు వింటారు? కాసులు తాడు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా నీళ్లలో నడిచి వెళ్లింది.

పద్దు 2

తాడు కడుతూ కాసులు బి బ్లాకు మెట్ల మీద జారింది. మెట్లకు అంటుకున్న గుల్లలు కత్తుల్లాంటివి. కుడి పాదం అడుగున నాలుగు అంగుళాల గాటు. మంచినీళ్లతో కడిగాను. మా ఇంటి వాటాలోంచి ఒకటిన్నర చెంబు ఖర్చు.

తర్వాత దుప్పటి. ఈ కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే: దెబ్బ తగిలితే దుప్పటి కప్పుకుని చూసుకోవాలి. చీకట్లో గాయం మెరవకపోతే అది మామూలు దెబ్బ. మెరిస్తే మెరుపు పుండు. నేనూ కాసులూ ఒకే దుప్పటి కింద దూరాం.

గాటు పొడవునా దారమంత పచ్చటి వెలుగు. ఆ వెలుగులో పిల్ల గడ్డం కనిపించింది.

"ఉన్నాదా మామ్మా?"

"ఉంది. చిన్నదే. మందు ఉందిగా."

నీరు రాకముందు, ఇక్కడ నేల ఉన్నప్పుడు, నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. ఇప్పుడు ఐదో అంతస్తు బడిలో పిల్లలకు చెప్పేది ఒకటే. మెరుపు క్రిమి ఒంటరిగా ఉంటే ఏమీ చేయలేదు. పక్కవాటికి కబురు పంపుతుంది. కబుర్లు కలిసి, తాము చాలామంది ఉన్నామని తెలిశాక అన్నీ ఒక్కసారి మెరుస్తాయి, ఒక్కసారి మాంసం తినడం మొదలుపెడతాయి. పాత మందులు వాటిని చంపాలని చూసి ఓడిపోయాయి. ఎర్రనాచు చేదు వాటిని చంపదు. వాటి కబుర్లు తెంపుతుంది. మాట అందని క్రిములు విడివిడిగా పడి ఉంటే, మిగతాది ఒళ్లే చూసుకుంటుంది.

మందు పట్టించి, జిగురు గుడ్డ కట్టాను. మూడు రోజుల్లో తగ్గాలి.

పద్దు 3

తగ్గలేదు. వెలుగు పాదం దాటి చీలమండ దగ్గరికి వచ్చింది. అది ఎక్కడిదాకా ఉందో దుప్పటి కిందే సిరాతో గీత గీశాను. గీత వంకర పోయింది.

నా కొడుకు దానయ్య, కాసులు తండ్రి, పడవ పని మాని ఇంట్లో కూర్చున్నాడు.

"అమ్మా, మన గురయ్యకీ ఇలాగే అయినాది."

"గురయ్య ఆలస్యం చేశాడు. వేలు తెగిన రోజే వచ్చి ఉంటే బతికేవాడు. నేను రాసే ఉంచాను."

"ఆడి పెళ్లాం ఆరోజే తెచ్చినానన్నాదే."

"దుఃఖంలో రోజులు గుర్తుండవు దానయ్యా."

పున్నమికి ఆస్పత్రి ఓడ, తెల్లోడ, వస్తుంది. అందులో డాక్టరమ్మ ఉంటుంది, రంపం ఉంటుంది. పుండు చీలమండ దాటితే మోకాలి దగ్గర తీసేస్తారు. మోకాలు దాటితే ఓడ ఎక్కించుకోరు. అమావాస్య వెళ్లి ఐదు రోజులు.

మందు జాడీని పరీక్షించాను. గడ్డనాచు పళ్లెం మీద పుండు రసి పూసి, నడుమ ఒక చుక్క మందు వేసి, చెక్క అలమరాలో పెట్టి తలుపు మూయాలి. మర్నాడు తలుపు సందులో ముఖం పెట్టి చూడాలి. పళ్లెమంతా పచ్చగా మెరుస్తూ, చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా నల్లగా ఉండాలి. ఆ నలుపే మందు సత్తువ. మొదట్లో అరచేతంత ఉండేది. ఏడాది కిందట గవ్వంత. ఇవాళ కందిబద్దంత.

తగ్గుతున్నదని నాకు తెలియకపోలేదు. క్రిమి మొండిదవుతోందని అనుకున్నాను. మోతాదు రెట్టింపు చేయిస్తూ వచ్చాను.

పద్దు 4

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ఆవకాయ జాడీలాగా మందు జాడీని మేము ఎప్పుడూ ఖాళీ కానివ్వం. అడుగున పాతది ఉండగానే పైన కొత్తది కలుపుతాం. కాబట్టి ఇన్నాళ్లూ నేను పరీక్షించినది పాతా కొత్తా కలిసిన మందును. కొత్త నాచును విడిగా ఎన్నడూ పరీక్షించలేదు. నిన్న మొదటిసారి ప్రతి తాడు నుంచీ పిడికెడు నాచు తెప్పించి, వేరువేరుగా నూరి, వేరువేరు పళ్లేలలో వేశాను. పదిహేడు తాళ్లు, పదిహేడు పళ్లేలు.

ఇవాళ అలమరా తెరిచాను. ముందు పైడమ్మ పళ్లెం. కాలనీలోకెల్లా శుభ్రమైన తాడు, కాలనీలోకెల్లా బరువైన నాచు. పళ్లెం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా మెరుస్తోంది. చుక్క వేసిన చోటు ఎక్కడో కూడా తెలియలేదు. నీళ్ల చుక్క వేసినట్టే.

వేయడం మరిచిపోయానేమో అనుకున్నాను. నేను మరిచిపోను.

రెండో పళ్లెం. మూడోది. తర్వాత వరసగా అన్నీ. అలమరా లోపల దీపాల దుకాణంలా ఉంది. ఆ వెలుగులో నా వేలి గోళ్లు కనబడ్డాయి. ఇంతకాలం మేము జాడీలో పోసినది రంగునీళ్లు. గాయాలకు కట్టినది రంగునీళ్లు. పిల్ల కాలికి మూడు పూటలా పట్టిస్తున్నది రంగునీళ్లు.

పదిహేను తాళ్ల వరకు ఇంతే. మిగిలిన రెండు పళ్లేలలో ఆవగింజంత నలుపు కనిపించింది. ఒకటి డి బ్లాకు ఎర్రయ్యది, ఇంకొకటి అతని తమ్ముడిది. ఇద్దరూ మహా బద్ధకస్తులు. మా ఇంటి తర్వాత మంచినీళ్ల వరసలో తోక పట్టుకుని నిలబడేది ఆ ఇద్దరే, వరసగా మూడోసారి పట్టుబడకుండా మాత్రం చూసుకుంటారు.

పళ్లేలను మంచినీళ్ల వరస ప్రకారం బల్ల మీద పేర్చాను. ముందు చోటు వాళ్లది ఏమీ లేదు. చివరి చోటు వాళ్లది కొంచెం ఉంది.

ఆ వరసలో ఒకటి తక్కువ. అందరికంటే చివర ఉండాల్సిన తాడు. దాన్ని నేనే వలగోడ బయట పారేయించాను.

పద్దు 5

దానయ్య పడవ వేశాడు. నేను పడవ ఎక్కి నాలుగేళ్లయింది; వద్దన్నాడు, ఎక్కాను.

బి బ్లాకు మెట్లకు కాసులు కట్టిన ముడి ఇంకా గట్టిగానే ఉంది. తాడు మాత్రం బోడి. నాచు ఉండాల్సినచోట వేలెడేసి మోడులు, ప్రతి మోడుకూ రెండు మూడు నత్తలు. చివరన గుప్పెడంత నాచును మాత్రం ముట్టకుండా వదిలేశాయి.

"మొత్తం మేసేసినాయమ్మా. ఇంకేటున్నాది ఇక్కడ? రా, ఎల్లిపోదాం."

ఆ వదిలేసిన నాచులోంచి ఒక కొమ్మ తుంచి నోట్లో వేసుకున్నాను.

పైడమ్మ తాడు నాచు దోసకాయలా ఉంటుంది. ఇది నాలుకను పట్టుకుని మెలిపెట్టింది. చేదు గొంతులోకి, చెవుల్లోకి పోయింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. దానయ్య ఏడుస్తున్నాననుకుని భుజం పట్టుకున్నాడు. మాట్లాడదామంటే నాలుక కదలలేదు. నత్తల వైపు వేలు చూపించాను.

"నత్తలేటి?"

తల ఊపాను.

ఆ నాచు కొంచెం నూరి, పళ్లెంలో చుక్క వేసి, మర్నాడు చూశాను. మెరుపు అంచున సన్నటి ఉంగరంలా మిగిలింది. నడుమంతా నలుపు. మొదటి రోజుల్లో కూడా ఇంత నలుపు నేను చూడలేదు.

నాచు ఆ చేదును మన కోసం చేయడం లేదు. తనను కొరికే నోటి కోసం చేస్తోంది. కొరికే కొద్దీ చేదెక్కుతుంది. చివరికి నత్త కూడా వదిలేస్తుంది. కొరికేవాళ్లు లేకపోతే ఆ శ్రమ దానికెందుకు? ఒళ్లు పెంచుకుంటుంది. రెండేళ్లుగా నేను గర్వంగా రాసుకున్న తూకం ఆ కొవ్వు. నోళ్లన్నీ ఏరించి కూర వండించినదాన్ని నేను. రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని. మొక్క దేనికోసం విషం చేస్తుందని మొదటి ఏడాది పిల్లలను పరీక్షలో అడిగేదాన్ని.

వెనకటి పద్దు ఒకటి దిద్దాను. "గురయ్య, మెరుపు పుండు, ఆలస్యంగా తెచ్చారు" అని ఉంది. "ఆలస్యంగా తెచ్చారు" కొట్టేసి, "మందులో సత్తువ లేదు" అని రాశాను. మధ్యాహ్నం గురయ్య భార్య ఇంటికి వెళ్లి ఆ మాట ఆమెతోనే చెప్పాను. ఆమె వలకు ముడులు వేస్తోంది. వేస్తూనే ఉంది. "ఆ రోజే తెచ్చినానని నాను సెప్పినాను గదమ్మా," అంది. అంతే అంది.

పద్దు 6

గుప్పెడు నాచుతో వచ్చిన మందు రెండు రోజులకు సరిపోతుంది. కట్టాను. వెలుగు సిరా గీత దగ్గర ఆగింది. ఆగింది కాని వెనక్కి పోలేదు. కాలు పిక్క దాకా వాచింది.

ఇంకా నాచు కావాలి. నాచు తాళ్ల నిండా ఉంది, చేదు లేదు. చేదు ఎక్కాలంటే నత్తలు కావాలి. కాలనీలో నత్తలు లేవు. తినేశాం.

అందరినీ మేడ మీదికి పిలిచాను. జరిగింది చెప్పాను. తర్వాత పైడమ్మ లేచింది.

"అంటే నా తాడు మీద నత్తలేత్తావా?"

"వేస్తాను."

"రెండేల్లు నడుం పడిపోయేలా ఏరినాను. ఏరమన్నావు, ఏరినాను. ముందు సోటు నాదే అన్నావు. ఇప్పుడు నాదే పనికిరాదంటావు."

"నీ తప్పు కాదు పైడమ్మా. నేను చెప్పినది నువ్వు అందరికంటే బాగా చేశావు. అందుకే నీ తాడే అన్నిటికంటే ఖాళీ."

ఎర్రయ్య వెనకనుంచి, "సూసినారా, మేం బద్ధకం కాదు, ముందుసూపు," అన్నాడు. నవ్వు వచ్చినవాళ్లు కూడా నా మొహం చూసి ఆపుకున్నారు. వచ్చే నెల నీళ్ల వరసలో అతనికి ముందు చోటు రాశాను. ఇంతకుముందు పెట్టిన కట్టడి రద్దు.

నత్తలు మిగిలినవి బి బ్లాకు తాడు మీదే. వాటి గురించి కాసులును అడగాలి. తాడు తనది కదా.

మంచం మీద పిల్ల నీరసంగా ఉంది. విన్నది.

"నా నత్తలే గావాలా?"

"అవే కావాలి."

"మరి నా తాడు మల్లీ లోపలికి తెత్తావా?"

"నేనే మోసుకొస్తాను."

"కూర వండకూడదు."

"వండను."

పద్దు 7

కాసులు తాడు నేనే భుజాన మోసుకొచ్చాను. నత్తలు మొత్తం అరవై మూడు. ఎర్రయ్య సోదరుల తాళ్లకు పన్నెండేసి. మిగతావన్నీ పైడమ్మ తాడుకు, నాచు అక్కడే దట్టంగా ఉంది కాబట్టి. ఒక్కొక్కదాన్నీ చేతితో కొమ్మకు అంటించాం. పట్టు దొరికేదాకా వేలు అడ్డం పెట్టాలి, లేకపోతే జారి పడిపోతాయి. అమావాస్య దాటింది కదా, నడుం దాకా నీళ్లలో నానాం. ఎవరో ఎత్తు పీట తెచ్చారు, కూర్చోలేదు.

పైడమ్మ తన హాల్లోనే మకాం పెట్టింది. పీతలు రాకుండా వెదురు పుల్లతో కాపలా. నేను వెళ్లేసరికి తాడు మీదికి వంగి ఒక నత్తతో మాట్లాడుతోంది.

"తినవే. ఏటా మొగమాటం, పెళ్లికొచ్చినట్టు? నీకోసమే పెంచినాను, తిను."

నన్ను చూసి నడుం నిటారు చేసుకుంది. "ఉదయంకాడి నుంచి రెండాకులు తిన్నాది నూకరత్నమ్మా. ఇలాగైతే ఎప్పటికి?"

నాకూ తెలియదు. కొరికిన ఎన్నాళ్లకు చేదెక్కుతుందో నేను ఎన్నడూ రాసుకోలేదు, చూడలేదు కాబట్టి.

ఈ రోజు పళ్లెం: ఏమీ లేదు. నిండా వెలుగు.

పద్దు 8

పళ్లెం: ఏమీ లేదు.

గుప్పెడు మందు అయిపోయింది. వెలుగు సిరా గీత దాటి పైకి వచ్చింది. రెండో గీత గీశాను. దుప్పటి కింద ఇప్పుడు కాసులు ముఖమంతా కనిపిస్తోంది, కళ్లలో పచ్చటి చుక్కలతో సహా.

"మామ్మా, నీ మొకం సిలకలాగున్నాది," అంది.

"నోరు మూసుకుని పడుకో."

ఆ వెలుగు చూడాలని పక్కింటి పిల్లలు గుమ్మం దగ్గరికి వచ్చారు. తరిమేశాను.

పద్దు 9

పైడమ్మ మెట్లన్నీ ఎక్కి వచ్చి తలుపు కొట్టింది. నోటి నుంచి ఉమ్మి కారుతోంది, నాలుక బయట పెట్టుకుని ఉంది. మాట రావడం లేదు. చేతిలో నాచు కొమ్మ. కొమ్మ అంచులు రంపపు పళ్లలా కొరికి ఉన్నాయి.

నేను పళ్లెం కోసం ఆగలేదు. పైడమ్మ నాలుకే చాలనుకున్నాను. నత్తలు కొరికిన కొమ్మలన్నీ కోయించి, నూరి, నానబెట్టి, జాడీలో కలపకుండా విడిగా తీసి కట్టాను. జాడీని సముద్రంలో గుమ్మరించాను. కడిగి బోర్లించాను.

పద్దు 10

పున్నమి. పొద్దున్నే తెల్లోడ వచ్చింది. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. కాలిని కిటికీ వెలుగులో చూసింది. వాపు, నలుపు, వాసన. రెండు వేళ్లు చచ్చిపోయాయి. అది నేను చూడకపోలేదు.

"మోకాలి దగ్గర తీసెయ్యాలండీ. మళ్లీ నీళ్లు తీసేలోగా మా ఓడ వెళ్లిపోవాలి," అంది.

దానయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు దుప్పటి కింద చూడండి," అన్నాను.

"పగటి వెలుగులోనే ఇంత స్పష్టంగా కనబడుతుంటే..."

"చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం. నేను అడ్డు రాను."

మూడు రోజులుగా నేను దుప్పటి ఎత్తి చూడలేదు. ఇదివరకు మూడు పూటలా చూసినదాన్ని, కొత్త మందు కట్టాక ఒక్కసారి కూడా చూడలేకపోయాను. దానికి కారణం రాయను.

డాక్టరమ్మ తల దూర్చింది. నేను రెండోవైపు నుంచి దూరాను. దుప్పటి అంచులు దానయ్య అదిమి పట్టాడు.

"నాకేమీ కనబడటం లేదండీ," అంది డాక్టరమ్మ.

నాకూ ఏమీ కనబడలేదు. కాలు కనబడలేదు. గీతలు కనబడలేదు. మనవరాలి ముఖం ఎటుందో తెలియలేదు. చేత్తో తడుముకుంటూ వెళ్తే చెంప తగిలింది, తడిగా ఉంది.

"మామ్మా, ఉన్నాదా?"

నోరు తెరిచాను. ఆ రోజు బి బ్లాకు దగ్గర నాలుక మొద్దుబారినట్టే అయింది. ఈసారి నేను ఏ నాచూ తినలేదు.

"లేదు," అంది డాక్టరమ్మ.

చచ్చిన రెండు వేళ్లు తీసేసింది. కాలు ఉంది. ఓడ వెళ్లేటప్పుడు ఒక సీసా మందు, నాలుగు నత్తలు అడిగింది. మందు ఇచ్చాను. నత్తలు కాసులువి, కాసులును అడగమన్నాను. రెండు ఇచ్చింది.

పద్దు 11

అమావాస్య. ఎర్రనాచు, పచ్చి తూకం: ఇరవై రెండు కిలోలు. పోయిన నెల కంటే పంతొమ్మిది తక్కువ.

ఆ పంతొమ్మిది కిలోలు నత్తలు తిన్నాయి. నష్టం అన్న గడిలో కలం పెట్టి, తీసేసి, కూలి కింద రాశాను.